బ్లాస్టింగే అనుకున్నాం

ఇల్లందుకు కాపురానికి వచ్చిన కొత్తలో, మధ్యాహ్నం గిన్నెలు గలగలమంటే ఉలిక్కిపడేదాన్ని. ఊరి పక్క ఓపెన్‌కాస్టు గనిలో బొగ్గు కోసం మందు పెట్టి బండ పేలుస్తారు. ఆ కాసేపు ఇల్లంతా వణుకుతుంది. త్వరలోనే అలవాటైపోయింది. గోడమీది బల్లే కదలనప్పుడు నేనెందుకు కదలాలి?

కదిలేది మా అత్తమ్మ ఒక్కతే. గిన్నె చప్పుడైతే చాలు, చేతిలో పని అక్కడే వదిలి, నా కూతుర్ని ఎత్తుకుని వాకిట్లోకి నడిచేది. అంతా సద్దుమణిగాక లోపలికొచ్చి, ఏమీ జరగనట్టు చిక్కుడుకాయల ఈనెలు తీసుకుంటూ కూర్చునేది. అప్పుడే కునుకు పట్టిన పాప లేచి రాగం అందుకునేది. నాకు ఒళ్లు మండేది.

"బ్లాస్టింగ్ అత్తమ్మా. రోజూ అయ్యేదే గదా."

"అవ్ బిడ్డా, ఎరుకే," అనేది. మర్నాడు మళ్లీ అంతే.

వాడంతా ఆమెను ఆటపట్టించేది. "మీ అత్త వాకిట్లకొచ్చిందంటే గడియారం చూసే పని లేదు," అనేది పక్కింటామె.

అత్తమ్మ పుట్టిల్లు భద్రాచలం దగ్గర గోదావరి ఒడ్డు పల్లె. చిన్నప్పుడు అక్కడ భూకంపం వస్తే, నిద్రలో ఉన్న ఆమెను వాళ్ల నాయనమ్మ జుట్టు పట్టి బయటికి గుంజిందట. వెనకాలే మట్టిగోడ కూలిందట. ఆ జుట్టు నొప్పి ఇంకా యాదికుందని నవ్వుతూ చెప్పేది. పాత ముచ్చట్లకేం, వింటూ ఊకొట్టేదాన్ని.

ఆ చలికాలం పొద్దున వంటింట్లో ఉప్మాకు పోపు వేస్తున్నాను. గట్టుమీద గిన్నెలు గలగలమన్నాయి. బ్లాస్టింగే అనుకుని ఉల్లిపాయలు వేశాను. పళ్లు తోముకుంటున్న పక్కింటామె కూడా అదే అనుకుందట. పొద్దున్నే బ్లాస్టింగ్ ఏమిటని మా వాడలో ఒక్కరికీ తట్టలేదు. ఎప్పటికన్నా కాస్త ఎక్కువసేపు కదిలినట్టు అనిపించిందంతే. ఇంతలో లోపలిగదిలో ఏదో ధబ్బున పడింది.

వెళ్లి చూస్తే, పాప పడుకున్న చోట మామిడికాయ తొక్కు జాడీ ముక్కలై ఉంది. రోజూ వచ్చే కుదుపులకు సజ్జమీద అది కొంచెం కొంచెంగా అంచుకు జరుగుతూ వచ్చిందేమో. చిన్న తలగడ నిండా పింగాణీ పెంకులు, నూనె, ఎర్రటి కారం. పాప లేదు. వాకిట్లోకి ఎలా వచ్చిపడ్డానో నాకే తెలియదు.

వాకిట్లో లేత ఎండలో అత్తమ్మ నిలబడి ఉంది. ఆమె భుజం మీద, దుప్పటితో సహా నా కూతురు. ఇంకా నిద్రలోనే ఉంది.

"ఏందే, గట్ల ఏడుస్తున్నవ్?"

"జాడీ పడ్డది అత్తమ్మా. పిల్ల పండుకున్న కాడ."

ఆమె గుమ్మంలోంచి తొంగి చూసింది. పాపను ఇంకొంచెం గట్టిగా అదుముకుంది. "ఏడాది తొక్కు పాయె," అంది. నేను అక్కడే, పక్కింటామె చూస్తుండగానే, ఆమె కాళ్లకు మొక్కాను. నా కూతురు దక్కింది ఆమె వల్ల. మొక్కడమూ తక్కువే.

తర్వాత ఫోన్లే ఫోన్లు. పొద్దుటి డ్యూటీకి వెళ్లిన మా ఆయన గని నుంచి చేశాడు. "మేమింకా బ్లాస్టింగే చెయ్యలే. భూకంపమట, ములుగు దిక్కు అడవిల పుట్టిందట," అన్నాడు. వేంసూరులో మా అక్కవాళ్ల బర్రెలు పలుపులు తెంపుకోబోయాయట. హైదరాబాదులో ఎత్తైన అంతస్తులో ఉండే తమ్ముడు, ఫ్యాన్ ఊగడం చూసి చెప్పుల్లేకుండా మెట్లు దిగాడట. భద్రాచలంలో చుట్టాలు రోడ్డు మీదికి ఉరికారట. అన్నిచోట్లా జనం బయటికొచ్చారు. మా వాడలో బయటికొచ్చింది మా అత్తమ్మ ఒక్కతే.

ఆ మధ్యాహ్నం బ్లాస్టింగ్ వేళకు గిన్నెలు మళ్లీ మోగాయి. పొద్దుటి హడావిడికి అలసిపోయిన అత్తమ్మ చాపమీద నడుం వాల్చి ఉంది. పాపను చంకనేసుకుని ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"లే అత్తమ్మా, బయటికి పోదాం."

ఆమె కళ్లు తెరవలేదు. "బ్లాస్టింగేనే. రోజూ అయ్యేదే గదా," అంది.

"అవ్, ఎరుకే," అన్నాను. చెయ్యి మాత్రం వదల్లేదు.