వెల కట్టలేని రివాల్వర్

చిత్తూరు బజారు వీధిలో మాకు తుపాకుల అంగడి ఉండేది. అదేదో గొప్ప వ్యాపారమని అనుకోకండి. చెరకు తోటల్లో, వేరుశనగ చేలల్లో అడవి పందులను తోలుకునే రైతులు ఒంటి గొట్టం తుపాకులు మరమ్మతుకు తెచ్చేవాళ్ళు. పోతూ పోతూ నాలుగు తూటాలు కొనుక్కునేవాళ్ళు. మరమ్మతులన్నీ మొదట్లో మా నాయన చేసేవాడు. ఆయన కళ్ళకు శుక్లాలు కమ్మాక ఆకురాయి, శానం నా చేతికి వచ్చాయి. ఆయన అంగడి వెనక గదిలో, పరదా అవతల నులకమంచం మీద కూర్చుని, వచ్చిన తుపాకీ ఏ రకమో చప్పుడు విని చెబుతుండేవాడు.

లైసెన్సు ఉన్న మనిషి చనిపోతే, ఇంటివాళ్ళు ఆయుధాన్ని పోలీసు స్టేషన్‌లోగాని, మాలాంటి లైసెన్సు అంగట్లోగాని అప్పగించి రసీదు తీసుకోవాలి. డెబ్భైల చివర్లో ఒకరోజు కార్వేటినగరం నుంచి ఒకామె అలాగే ఒక రివాల్వర్ తెచ్చి ఇచ్చింది. ఆమెకు యాభై దాటి ఉంటాయి. భర్త ఒకప్పుడు సంస్థానం కచేరీలో పనిచేశాడట. శిస్తు డబ్బుతో ఊళ్ళు తిరిగేవాడు కనుక అప్పట్లో దొరలే ఇప్పించారట. దొరల సీమలో తయారైన పాత రకం, బరువైనది. నికెల్ పూత, ఎర్రచందనం పిడి. లైసెన్సులో బోరు, అంటే గొట్టం లోపలి కొలత, నాలుగువందల యాభై ఐదు అని ఉంది. నేను అదే చూసి రిజిస్టర్లో రాసుకుని, నూనెగుడ్డ చుట్టి ఇనప్పెట్టెలో పెట్టాను. గొట్టంలోకి తొంగి చూడలేదు. నేను చేసిన మొదటి తప్పు అది.

ఏడాది తిరక్కుండానే తిరుపతి నుంచి ఒక లాడ్జీ యజమాని వచ్చాడు. యాత్రికుల పుణ్యమా అని రెండంతస్తుల లాడ్జీని నాలుగంతస్తులు చేసిన మనిషి. కొత్తగా రివాల్వర్ లైసెన్సు వచ్చింది. రాజుల కాలంనాటి వస్తువైతేనే కావాలంటాడు. కబురు పెడితే ఆ అమ్మ కూడా వచ్చింది. ఆయన రివాల్వర్‌ను అరచేతిలో ఎత్తి చూసి మురిసిపోయాడు.

"ఎనిమిది వేలు ఇస్తానప్పా. కాకపోతే ఇది అసలుదేనని, యాడా చెయ్యి పెట్టలేదని నువ్వు కాగితం రాసియ్యాల. వచ్చే సోమవారం మళ్ళా వస్తా" అన్నాడు.

ఆమె మొహం వెలిగింది. "పిండిమర పెట్టుకుంటా నాయనా. మా ఊర్లో సజ్జలాడిచ్చుకోవాలన్నా పుత్తూరు పోవాల్సొస్తా ఉండాది" అంది నాతో.

వాళ్ళు వెళ్ళాక, మధ్యాహ్నం అంగడి తలుపు దగ్గరగా వేసి, దాన్ని విప్పి బల్ల మీద పరిచాను. తూటాలు దోపే చక్రాన్ని వెలుతురుకు ఎత్తి పట్టాను. ఆరు రంధ్రాల్లోనూ మరో సన్నటి గొట్టం దిగగొట్టి ఉంది. బ్యారెల్‌లోనూ అంతే. పెద్ద తూటాల రివాల్వర్‌ను ఎవరో చిన్న తూటాలకు, ముప్ఫైరెండు బోరుకు మార్చేశారు. పని ఎంత నున్నగా ఉందంటే వెర్నియర్ పెట్టి కొలిస్తే తప్ప తెలియదు. పిడి చెక్కలు ఊడదీశాను. లోపల ఇనుము మీద వరసగా మూడు చిన్న చుక్కలు.

ఆ చుక్కలు మా నాయనవి. తాను చేసిన ప్రతి పని అడుగునా, ఎవరికీ కనపడని చోట ఆయన వేసే గుర్తు. చిన్నప్పుడు ఆ చుక్కలు పెట్టడానికి ఉలి పట్టుకుంది నేనే.

పరదా తీసి లోపలికి వెళ్ళి, పిడి లోపలి ఆ చుక్కలను ఆయన వేలికింద పెట్టాను. వేలు ఒక్కసారి తడిమి ఆగిపోయింది.

"కార్వేటినగరం వాళ్ళదా?" అన్నాడు.

"అనుమతి లేకుండా బోరు మార్చకూడదని తెలీదా నాయనా?"

"తెలుసు. ఇరవై ఏండ్ల కిందటి మాట. దొరలు పోయినాక ఆ పెద్ద తూటాలు యాడా దొరకలేదురా. పేలని తుపాకీ పెట్టుకొని మామిడి తోటకాడ ఒంటిగా ఉండాల్సొస్తా ఉండాదని ఆయన నా కాళ్ళు పట్టుకున్నంత పని చేసినాడు. చేసినా. చిన్న తూటాలు కూడా నేనే ఇచ్చినా. అట్లాంటిది ఒక్కటే చేసినా నా బతుకులో."

"ఇప్పుడా గొట్టాలు తీసేస్తే?"

"తీస్తే సక్రం పగులుతాది. బిగిచ్చిందే నేను, నాకు తెలీదా?"

ఆ వారమంతా అదే ఆలోచన. అసలుదని రాసిస్తే అబద్ధం. లైసెన్సులో ఒక బోరు, ఆయుధంలో ఒక బోరు. తూటాలు కొనబోయిన రోజే బయటపడుతుంది. ఉన్నది ఉన్నట్టు రాస్తే మార్చిందెవరని అడుగుతారు. జిల్లాలో అంత నున్నగా చేసే చెయ్యి ఒక్కటేనని పోలీసులకు కూడా తెలుసు. పోనీ నాకు సంబంధం లేదని ఆమెకు తిరిగి ఇచ్చేద్దామంటే చట్టం ఒప్పుకోదు. పైగా నా రిజిస్టర్లో నా చేతిరాతతోనే తప్పు బోరు ఉంది. అంగట్లోకి ఎవరు వచ్చినా ముందు వాళ్ళ చెప్పులు చూసేవాణ్ణి, పోలీసు బూట్లేమోనని. తూటాల డబ్బాలు, గోడకు ఆనించిన తుపాకులు, పరదా వెనక నాయన దగ్గు. అన్నీ ఆ పదడుగుల గదిలోనే.

శనివారం ఉదయం ఒక మాట అనుకున్నాను. పని బాగుంటే, పేలిస్తే నిలబడితే, ఏదో ఒకటి రాద్దాం. మరమ్మతు చేసిన తుపాకులను కాల్చి చూసుకోవడానికి ఊరవతల రాళ్ళ క్వారీలో మాకు అనుమతి ఉండేది. రివాల్వర్‌ను ఇసుక మూటల మధ్య బిగించి, దాని వెనక మనిషి తల ఉండే ఎత్తున ఒక మామిడి చెక్క నిలబెట్టి, దూరం నుంచి తాడుతో ట్రిగ్గర్ లాగాను. మూడు తూటాలు శుభ్రంగా పేలాయి. నాలుగోదానికి చప్పుడు తేడాగా వచ్చింది. దగ్గరికి వెళ్ళి చూస్తే, ఒక రంధ్రంలోని గొట్టం చీలి, వేలెడు ఇనప పెచ్చు ఎగిరి ఆ చెక్కలో దిగబడి ఉంది. సరిగ్గా కంటి ఎత్తున. ఇరవై ఏళ్ళు అది ఆ ఇంట్లో ఉందన్న సంగతి తలచుకుంటూ ఆ చెక్కను పీకి అంగడికి తెచ్చాను.

సోమవారం ఇద్దరూ వచ్చారు. చెక్కను బల్ల మీద పెట్టి జరిగింది చెప్పాను.

"దీనికి వెల కట్టలేను సామీ. బోరు మార్చినారు. అసలు రూపంలో ఉండింటే మీరు చెప్పిన దానికన్నా ఎక్కువే పలికుండును. ఇప్పుడు ఇది ప్రాణాలు తీసే వస్తువు."

లాడ్జీ యజమాని నవ్వేశాడు. "నేనేం కాలుస్తానా? అద్దాల బీరువాలో పెట్టుకుంటా. ఊరికే రాయప్పా."

"మీరు కాల్చరు సామీ. రేపు మీ కొడుకో, మనవడో కాలుస్తాడు."

ఆయన నవ్వు ఆగిపోయింది. చెక్కలోని ఇనప పెచ్చును గోటితో తడిమి చూశాడు. తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

ఆమె మాత్రం కదలలేదు. "ఎవురు చేసింటారు నాయనా ఈ పని?" అంది.

నా వెనక పరదా. పరదా వెనక మంచం నులక కిర్రుమంది. నాయన దగ్గాడు.

"తెలియదమ్మా" అన్నాను.

"అయితే దీనికేమీ రాదా?"

"రాదమ్మా."

ఆమె రసీదును నాలుగు మడతలు పెట్టి, నడుముకున్న తిత్తిలో దోపుకుని బస్టాండు వైపు నడిచింది. వీధి మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను, పిలవలేదు.

కలెక్టరు కచేరీకి బోరు తేడా సంగతి రాసి పంపాను. మార్చినవారెవరో తెలియదని కూడా రాశాను. కొన్నాళ్ళకు ఒక సబ్ ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. అంతా విని, పరదా తీసి నాయనను అడిగాడు: "పెద్దాయనా, నీకేమన్నా తెలుసునా?"

"కండ్లు కనపడవు సామీ" అన్నాడు నాయన.

అది అబద్ధం కాదు, జవాబూ కాదు. సబ్ ఇన్‌స్పెక్టర్ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, రివాల్వర్ తీసుకుని వెళ్ళాడు. అది ప్రభుత్వ ఆయుధాగారానికి పోయింది. మాకేమీ కాలేదు. ఆమెకు పైసా రాలేదు.

ఆ తర్వాత నాయన తుపాకుల చప్పుడు విని రకం చెప్పడం మానేశాడు. అన్నం దగ్గర ఒక్కోసారి ఉన్నట్టుండి, "ఆయమ్మకు చెప్పల్యాకపోతినే" అనేవాడు. రెండేళ్ళకు పోయాడు. కర్మలు అయిన వారం నేను పుత్తూరు బస్సెక్కి కార్వేటినగరంలో దిగాను.

ఆమె ఇంటి ముందు గదిలో పిండిమర ఆడుతోంది. జుట్టునిండా, కనుబొమల నిండా పిండి. నన్ను గుర్తుపట్టి మోటారు ఆపింది. నాలుగు మామిడి చెట్లు అమ్మి పెట్టుకున్నానని తానే చెప్పింది. నేను కూర్చోలేదు.

"అమ్మా, ఆ పని చేసింది మా నాయనే. ఆ రోజు తెలిసే తెలియదన్నాను."

ఆమె చీర చెంగుతో మొహం తుడుచుకుంది.

"నాకు తెలుసు నాయనా. పంపిచ్చిందే నేను గదా."

నాకు అర్థం కాలేదు.

"మా ఆయనకు ధైర్యం యాడుండాది? పేలని దాన్ని దిండుకింద పెట్టుకొని ఏం లాభం, చిత్తూర్లో ఒకాయన మారుస్తాడంట, మార్పిచ్చుకోని రాకపోతే నేను మా అమ్మగారింటికి పోతానని కొట్లాడి పంపిస్తి. ఆ పొద్దు నువ్వు ఆ చెక్క చూపిస్తా ఉంటే నాకు భయమేసింది. మార్పిచ్చింది నేనే అంటే నన్ను కూడా పట్టుకపోతారనుకున్నా. తెలీనోళ్ళు అడిగినట్టు నేనూ అడిగినా."

"మా నాయన లోపలే ఉన్నాడమ్మా అప్పుడు."

"నాకు దగ్గు ఇనపడ్లా?" అంది.

ముగ్గురం. ఒకే గదిలో, మధ్యన ఒక గుడ్డ పరదా. ఎవరికి తెలిసింది వాళ్ళు గొంతులోనే నొక్కుకుని, ఎదుటివాళ్ళకు తెలియదనుకుంటూ నిలబడ్డాం. మాలో ఏ ఒక్కరు నోరు తెరిచినా నాయన ఆ రెండేళ్ళు అలా కుమిలిపోయేవాడు కాదు. ఈ సంగతి విని బరువు దిగిందని చెప్పలేను. కోపం కూడా వచ్చింది, ఎవరిమీదో తెలియలేదు.

"మీ నాయన ఏమన్నా అనుకున్నాడా నా గురించి?" అని అడిగింది ఆమె, నా మొహం చూడకుండా.

"మీకు చెప్పలేకపోయినానే అని అనేవాడమ్మా."

ఆమె తల ఊపింది. ఇంతలో ఎవరో రాగుల డబ్బా నెత్తిన పెట్టుకుని వచ్చారు. ఆమె లేచి మోటారు వేసింది. ఆ చప్పుడులో ఇంక మాటలకు వీలు లేకపోయింది. బస్సు వేళ దాకా నేను అక్కడే బల్ల మీద కూర్చున్నాను.