పంతొమ్మిది మాటలు, ఒక ఖాళీ గడి

మొన్న మా మనవరాలు కంప్యూటరులో ఉద్యోగానికి దరఖాస్తు నింపుతూ ఒక గడి దగ్గర ఆగిపోయింది. చదువు మధ్యలో ఒక సంవత్సరం ఎందుకు పోయిందో కారణం రాయమంటోంది ఆ గడి. ఆ ఏడాదంతా పిల్ల గదిలోంచి బయటికి రాలేదు, కంచం ముందు కూర్చుని కూడా తినేది కాదు, హన్మకొండలో డాక్టరమ్మ ఇచ్చిన మందులు వాడి తేరుకుంది. "తాతా, డిప్రెషన్ అని రాస్తె నౌకరి ఇయ్యరట. జర మెత్తటి ఇంగ్లీషు మాట ఏదన్న ఉంటె చెప్పు" అన్నది. నేను లేచి ఇనుప పెట్టె అడుగునుంచి నా పాత లాగరిథం పుస్తకం తీశాను. దాని వెనక అట్ట లోపల, యాభై ఏళ్ళు దాటిన నా చేతిరాతలో, దిగులుకు పంతొమ్మిది ఇంగ్లీషు మాటలు ఉన్నాయి.

అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో కాలేజీలు మూతపడ్డ సంగతి మన ఈడు వాళ్ళకు చెప్పనక్కరలేదు. అప్పుడు నేను వరంగల్లులో పాలిటెక్నిక్ రెండో ఏడు, మెకానికల్. జనగామ స్టేషనులో పట్టాల మీద కూర్చున్నందుకు పోలీసులు లారీ ఎక్కించారు. పదకొండు రోజులు జైల్లో ఉండి, కొడకండ్లలో మా ఇంటికి చేరాను. పుస్తకాలు హాస్టల్లో ఉండిపోయాయి, నా దగ్గర ఉన్నవి ఆ లాగరిథం పుస్తకమూ, మా మేనమామ ఇచ్చిన డిక్షనరీ మాత్రమే. కాలేజీలో కోస్తా నుంచి వచ్చిన ఒక లెక్చరర్, మా మాట చెవిన పడ్డప్పుడల్లా, మీకు బాధ కలిగినా చెప్పుకోవడానికి సరైన భాష లేదర్రా అని నవ్వేవాడు. సరే, ఆయన గౌరవించే ఇంగ్లీషు భాషలో బాధకు ఎన్ని మాటలున్నాయో చూద్దామని పట్టుదలతో మొదలుపెట్టాను.

దేన్నైనా వరుసలో పెడితే తప్ప నాకు తోచదు. ల్యాబులో ఇనుప తీగకు బరువులు వేలాడదీసి సాగదీసే పరీక్ష ఉండేది, ఆ వరుసలోనే మాటల్నీ పెట్టాను. డల్, గ్లూమీ అంటే బరువు తీయగానే తీగ మళ్ళీ తన పొడవుకు వచ్చేస్తుంది. డిస్కరేజ్డ్ అన్నా వస్తుంది గాని, అది చివరి హద్దు. డిజెక్టెడ్ దగ్గర సాగింది సాగినట్టే ఉండిపోతుంది. డెస్పాండెంట్ దగ్గర తీగ ఒకచోట సన్నబడుతుంది. అన్నిటికన్నా కింద, తెగిపోయే ముందు, డిప్రెస్డ్. పంతొమ్మిదీ రాశాక ఒక్కొక్కటే నాకు అతికించుకుని చూశాను. ఏదీ అతకలేదు. నాకున్నది కోపం.

డిప్లొమా చేతికొచ్చాక, భూపాలపల్లి అడవిలో బొగ్గు కోసం బోర్లు వేసే క్యాంపులో మనుషులు కావాలని తెలిసింది. ఆ ఏడు మా బావి ఎండింది, బాపు ఒక జత ఎడ్లను అమ్మేశాడు. నాకు నౌకరీ వస్తేనే తమ్ముడి చదువు నిలబడుతుంది. జనగామలో మా అందరి దరఖాస్తులూ టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపే ఒక అన్న దగ్గరే తయారయ్యేవి. చదువులో పోయిన సంవత్సరానికి కారణం రాయవలసిన చోట ఆయనకు ఒకే వాక్యం ఉండేది, దాన్ని చూడకుండానే కొట్టేవాడు: మెంటల్ డిప్రెషన్ వల్ల చదువు ఆగిపోయింది. ఉద్యమం అంటే జైలు సంగతి తీస్తారు, జ్వరం అంటే సర్టిఫికెట్ అడుగుతారు, దీనికైతే ఎవడూ నోరెత్తడని ఆయన అనుభవం. నా కాగితం మీద కూడా మొదలుపెట్టబోతే చెయ్యి పట్టుకున్నాను.

"గా మాట వద్దన్నా. ఉద్యమంల ఉన్నడు అని కొట్టు."

"పిస లేసిందారా నీకు? నౌకరి గావాల్నా, జెండా గావాల్నా?"

"నౌకరే గావాలె. గని నాకు రాని రోగం నాకెందుకన్నా?"

తల కొట్టుకుని, నేను చెప్పినట్టే కొట్టి ఇచ్చాడు.

ఇంటర్వ్యూ క్యాంపులోనే, తాటిపత్రి పట్టా కప్పిన డేరాలో. కళ్ళద్దాల ఆఫీసరు కాగితాలు తిరగేసి నా వైపు చూశాడు.

"ఏమయ్యా, పొద్దుట్నుంచీ మీ జనగామ వాళ్ళు ఆరుగురొచ్చారు, ఆరుగురికీ డిప్రెషనే. నీకు రాలేదేం?"

"రాలేదు సార్. కోపమొచ్చింది."

"ఇప్పుడు తగ్గిందా?"

"తగ్గలే సార్."

నవ్వి, నా కాగితాన్ని బోర్లించి పక్కన పెట్టాడు. ఆరుగురిలో నలుగురికి ఉద్యోగం వచ్చింది. నాకు రాలేదు. తమ్ముడు బడి మానేసి నాగలి పట్టాడు. ఒక్క ముక్క రాస్తే నీ సొమ్మేం పోతుండె కొడకా అని అవ్వ ఏడ్చింది. బాపు మాత్రం మర్నాడు చెలక దగ్గర, చేసిన పనిని రోగమన్నోడు రేపు కన్నోళ్ళను గూడ కాదంటడు అని ఒక్క మాట అని ఊరుకున్నాడు. రెండేళ్ళకు నాకు మహబూబాబాద్‌లో మోటార్లు బాగుచేసే కార్ఖానాలో పని దొరికింది, తమ్ముడు మళ్ళీ బడికి పోయి తనకన్నా చిన్నపిల్లల మధ్య కూర్చున్నాడు. ఆ సంగతి వాడెన్నడూ ఎత్తలేదు, నేనెన్నడూ మరవలేదు. అయినా ఆ కాగితం ఇవాళ రాయమన్నా అట్లాగే రాయిస్తాను.

నేను తలదించుకునే సంగతి మరొకటి ఉంది. ఉద్యోగం వచ్చిన ఆ నలుగురిలో ఒకడు హాస్టల్లో నా గదివాడు, కేసముద్రం వాడైనా నాతోపాటు జనగామ టైపు అన్న దగ్గరే కాగితం కొట్టించుకున్నాడు. కలిసినప్పుడల్లా "ఏంరా డిప్రెషన్, మంచిగున్నవా" అని ఆటపట్టించేవాళ్ళం, వాడూ నవ్వేవాడు. ఎనభైలలో గుండెపోటుతో పోయాడు. కాలేజీలు మూతపడ్డ ఆ సంవత్సరమంతా వాడు నిద్రపోలేదనీ, గోడవైపు తిరిగి పడుకునేవాడనీ దినాల నాడు వాళ్ళక్క చెప్పింది. టైపు అన్న అందరికీ కొట్టిన ఆ వాక్యం వాడొక్కడి విషయంలో నిజం.

ఇదంతా విని మనవరాలు నా జాబితా మీద చివరిదాకా వేలు పెట్టి చదివింది. పుస్తకం మూసి నా చేతికిచ్చి, గడిలో డిప్రెషన్ అనే కొట్టింది, వైద్యం చేయించుకుని కోలుకున్నానని కూడా రాసింది. "నాకైతె వచ్చింది గద తాతా" అన్నది.

టైపు ఇన్‌స్టిట్యూట్ ఉన్న చోట ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. ఆ గడి మాత్రం ఎక్కడికీ పోలేదు. లేని రోగాన్ని రాసుకుని, ఉన్న రోగాన్ని నవ్వులపాలు చేసిన తరం మాది. ఈ పిల్లకున్న నోరు మా గదివాడికి ఉంటే ఎంత బాగుండేది. మనవరాలి దరఖాస్తుకు జవాబు ఇంకా రాలేదు. నౌకరి ఇయ్యకుంటే ఇంకో దరఖాస్తు నింపుతుందట, అందులోనూ అదే మాట కొడుతుందట.