కంచానికి అడ్డం పడిన చెయ్యి

రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజులవి. మా కాపురం సత్యవేడులో. నాకప్పుడు ఐదో నెల. కడుపుతో ఉన్న కోడలికి చేప గుడ్లు వండి పెట్టడం మా ఇళ్ళలో ఆచారం. అందుకని మా అత్త, పొట్ట బాగా ఉబ్బి ఉన్న సముద్రపు చేపను ఏరి మరీ కొన్నది.

కోసి చూస్తే గుడ్ల తిత్తి నిండా బూడిదరంగు గడ్డలు. కత్తిపీట తగలగానే చీము కారింది.

"అత్తా, ఇది జబ్బు చేప. పారేస్తా" అన్నాను.

"నోరు ముయ్యి. కడుపుతో ఉండేది గుడ్లకు వంక పెట్టకూడదు. పెడితే లోపలి బిడ్డకు తగులుతాది. సింతపండు పులుసులో ఉడికితే అంతా పోతాది" అనింది.

మధ్యాహ్నం నన్ను మా ఆయన పక్కనే కూర్చోబెట్టి, ఆ గుడ్లన్నీ నా కంచంలోనే వేసింది. ఆయన తలైనా ఎత్తలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"అంత మంచివైతే నీ కొడుకూ తిననీ" అంటూ నా కంచం ఆయన కంచంలోకి వంచబోయాను.

మా అత్త చెయ్యి టక్కున అడ్డం పడింది.

"వానికొద్దే. జొరమొస్తే యాడికి తీసకపోయేది?"

ఆ కంచం తీసుకెళ్ళి పెంటదిబ్బ మీద బోర్లించి వచ్చాను.

ఇప్పుడు నాకూ కోడళ్ళున్నారు. ఆచారమని ఏ కోడలికి ఎవరు ఏం వడ్డించినా, వడ్డించినవాళ్ళ కొడుకు కంచంలో కూడా అది పడిందా అన్నదే ముందు చూస్తాను.