అమర్‌నాథ్ ఫిర్యాదు, కిష్టప్ప మిషను

తాండూరులో అమర్‌నాథ్ ఒక్కసారి వేలెత్తితే హైదరాబాదులో సినిమా పాటలు రాసేవాళ్ళంతా కలాలు మూసి జేబుల్లో పెట్టుకున్నారు. వారం రోజులు ఒక్క పల్లవి పుట్టలేదు. కర్ణాటక హద్దు దాటి సేడం దాకా పెళ్ళి బరాతుల్లో డీజే డబ్బాలు గొంతు పోయి మూలిగాయి. నమ్మనివాళ్ళు తాండూరు బస్టాండులో ఏ ఆటోవాలానైనా అడగొచ్చు. వాడు ఇంకో రెండు కలిపి చెప్తాడు.

మనిషిని చూస్తే మాత్రం ఇంత పని చేసినట్టు కనిపించడు. దోమ దగ్గరి పొలం తమ్ముడికి అప్పజెప్పి, తాండూరు శివార్లలో చిన్న బండల పాలిషింగ్ యూనిట్ పెట్టుకున్నాడు. నెత్తి నుంచి చెప్పుల దాకా తెల్లటి రాతిదుమ్ము. ఎవరైనా బేరమాడితే వాళ్ళకంటే ముందు తానే సిగ్గుపడి తగ్గించేస్తాడు. ఇంట్లో అతను భయపడేది ఇద్దరికే: అమ్మ కస్తూరమ్మకు, ఐదో తరగతి చదివే బిడ్డ శ్రేయకు. ఆ లెక్కలో తను లేనందుకు భార్య నీలిమ ఇప్పటికీ నొచ్చుకుంటుంది.

బడి వార్షికోత్సవంలో శ్రేయవాళ్ళ డాన్సుకు ఒక సినిమా పాట పెట్టారు. శ్రేయది ముందు వరుస, నట్టనడుమ. నెల రోజులుగా ఇంట్లో నడక మానేసి స్టెప్పులతోనే తిరుగుతోంది. ఒక పూట అన్నం తింటూ అడిగింది.

"డాడీ, మా పాటల గా మాటకు అర్థమేంది?"

అది నలుగురిలో పలకరాని బూతు మాట. అమర్‌నాథ్ కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాడు. ఎదురుగా కస్తూరమ్మ పెరుగన్నం కలుపుకుంటోంది.

"అది... ఒక ఊరి పేరు బిడ్డా. దౌల్తాబాద్ అవతల ఉంటది."

మనుమరాలు అంత ముచ్చటపడుతున్న ఊరును చూడాలనిపించింది కస్తూరమ్మకు. మరునాడు బస్టాండుకు పోయి, నిండు బస్సు ముందు కండక్టరును నిలబెట్టి, ఆ ఊరికి బస్సు ఎన్నింటికని గొంతెత్తి అడిగింది. కండక్టరు చేతిలో టికెట్ మిషను జారిపడింది. బస్సులో సగం మంది కిటికీల వైపు తిరిగిపోయారు.

ఇంక ఊరుకుంటే లాభం లేదనుకున్నాడు అమర్‌నాథ్. క్లాస్ టీచర్ అంజలి మేడంకు ఫోనులో రాద్దామంటే వేళ్ళు ఆ అక్షరాల మీదికి పోలేదు. నోటితో చెప్పి వీడియో పంపుదామని యూనిట్‌లో ఫోను బండలకు ఆనించి నిలబడ్డాడు. సరిగ్గా అప్పుడే కస్తూరమ్మ టిఫిన్ డబ్బా తెచ్చి వెనక కుర్చీలో కూర్చుంది. అమ్మ వింటుండగా ఆ మాట ఎట్లా అంటాడు? కొడుకు ఫోను తీసి జేబులో పెట్టుకోబోయాడు.

కటింగ్ మిషను నడిపే కిష్టప్ప అది చూశాడు. సేడం వైపు మనిషి, యూనిట్‌లో అందరికంటే పెద్దవాడు.

"ఫికర్ ఎందుకు సేటూ? గా మాట వచ్చినప్పుడల్ల వేలెత్తు. నేను బ్లేడుకు బండ తగిలిస్త. నీ మాట నీకు గూడ ఇనవడది."

మేడం కూడా ఉండే తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులోకి వెళ్ళిన వీడియో ఇదీ:

"మేడం, ఈ పాటల పిలగాడు పిల్లను చూసి కర్ర్ర్ర్ అంటడు. పోనీలే అనుకుందాం. ఆ పిల్ల మళ్ళ కర్ర్ర్ర్, కర్ర్ర్ర్ అంటది. గీ చిన్నపిల్లలతోని కర్ర్ర్ర్ ఎందుకు అనిపిస్తున్నరు మేడం?"

వెనక కస్తూరమ్మ ప్రతి కర్ర్ర్ర్‌కూ గంభీరంగా తల ఊపుతోంది.

సాయంత్రానికి ఆ వీడియో వికారాబాద్ దాటింది. మర్నాటికి దానికెవరో దరువు కలిపారు. పాట వినని వాళ్ళు కూడా ఆ కర్ర్ర్ర్ వెనక ఏముందోనని ఎవరికి తోచింది వాళ్ళు ఊహించుకుని, ఎవరి ఊహకు వాళ్ళే కోపం తెచ్చుకున్నారు. బడివాళ్ళు హడలిపోయి డాన్సునే తీసేశారు.

శ్రేయ తండ్రితో మాట్లాడటం మానేసింది.

"నానమ్మా, డాడీని చారు పోసుకోమను."

"నానమ్మా, డాడీకి ఫోన్ వస్తున్నదని చెప్పు."

ఇదివరకు అతను యూనిట్ నుంచి రాగానే ఎదురొచ్చి, వీపు మీది దుమ్ము మీద వేలితో బొమ్మలు గీసే పిల్ల అది. ఇప్పుడు ఆ దుమ్ము అట్లాగే స్నానంలో కొట్టుకుపోతోంది. పక్క ఊళ్ళవాళ్ళు ఆపి సెల్ఫీలు దిగుతుంటే అమర్‌నాథ్ నవ్వలేక పరేషానయ్యాడు. చివరికి పని ఆపి బడి కరస్పాండెంట్ చంద్రశేఖర్ కూర్చునే వికారాబాద్‌కు బస్సెక్కాడు.

చంద్రశేఖర్ అతన్ని చూడగానే లేచి నిలబడ్డాడు. "మీరు చెప్పినట్టే తీసేసినం కదండీ. ఇంకేముంది?"

"పాట తీయమన్న సార్. పిల్లల్ని తీయమన్ననా?"

"ఇప్పుడు కొత్త పాటకు కొత్త స్టెప్పులు ఎక్కడినుంచి వస్తయి?"

"దరువు అదే ఉండనీయండి. గా మాటలే కోసేయండి."

"కోస్తే ఆ జాగ ఖాళీగా ఉంటది."

"ఉండనీయండి సార్. నా బిడ్డ నాతోని మాట్లాడ్తలేదు."

చంద్రశేఖర్‌కూ బిడ్డలున్నారు. అంజలి మేడంకు ఫోను చేశాడు.

వార్షికోత్సవం రోజు పాట మొదలైంది. మొదటి ఖాళీ వచ్చింది. మాటతోపాటు దరువూ తెగిపోయి, మైదానమంతా నిశ్శబ్దమై, పిల్లల కాళ్ళు తడబడ్డాయి. నట్టనడుమ శ్రేయ గాలిలోకి ఎత్తిన చెయ్యి అక్కడే ఆగింది. అమర్‌నాథ్ కుర్చీ అంచుకు జరిగాడు, ఏంచేయాలో తోచక వేలెత్తాడు.

వెనక వరుసలోంచి కిష్టప్ప పళ్ళు బిగించి, "కర్ర్ర్ర్."

శ్రేయ చెయ్యి కదిలింది. రెండో ఖాళీకి పాలిషింగ్ యూనిట్లవాళ్ళంతా అందుకున్నారు. మూడోదానికి మైదానం మొత్తం కర్ర్ర్ర్ అంది. అందరికంటే గట్టిగా కస్తూరమ్మ. పిల్లలు నవ్వాపుకోలేక అడుగులు తప్పుతూనే ఆడారు.

ఇంటికి పోతుంటే బండి వెనక కూర్చున్న శ్రేయ తండ్రి వీపు మీద వేలితో ఏదో గీసింది.

"డాడీ, ఇంతకు గా ఊరు ఎక్కడ?"

"గాడికి బస్సు బంద్ అయింది బిడ్డా."

ఈ కథంతా అమర్‌నాథ్ ఎదుటే చెప్తే, చేతులు కడుక్కుంటూ చివరిదాకా వింటాడు. తర్వాత ఇదొక్కటే అంటాడు:

"నేనేం ఆపలే. గా పాట ఇంక నడుస్తనే ఉన్నది, మాటలు గూడ అవే. బిడ్డ మాట్లాడ్తలేకుండె, గందుకే పోయిన. ఇప్పుడు మాట్లాడ్తుంది."