పేస్టు ఆరకముందే

మా ఇంటాయన గంగాధరం నోట్లోంచి మాట రావాలంటే దేవుడు దిగిరావాల. పూతలపట్టు కూడలిలో మెకానిక్కు షెడ్డు పెట్టినప్పటి నుంచి ఇదే వరస. ఇంజను మూసే ముందు అంచులు పెట్రోలు గుడ్డతో తుడిచిందే తుడస్తాడు. ఇంట్లో మాత్రం తిన్న తట్ట ఒక్కనాడూ తీసింది లేదు. ఒళ్లు మండతాది నాకు.

షెడ్డు స్థలం మునిరామయ్యది. ఆయన ట్రాక్టరుకు కింద ఆయిల్ చాంబరు కారతా ఉండాది. ఈసారి కారితే షెడ్డు ఖాళీ చెయ్యాలన్నాడు. ముందు ఎవురో గట్టిపడే బంక పూసినారంట, ఇంజను అదురుకు అది పగిలిపోయింది. శుక్రవారం పొద్దున్నే మా ఇంటాయన అదంతా గీకేసి, రబ్బరు మాదిరి సాగే పేస్టు ఎంచుకోని, సన్నంగా పూసి చాంబరు బిగించినాడు. ఇది ఆరేదానికి రాత్రంతా పడతాది, రేపటి దాకా ఆయిలు పొయ్యొద్దని నాకు చెప్పి, సామాను కోసం చిత్తూరుకు పోయినాడు.

అంతే, మునిరామయ్య దిగబడినాడు, చేతిలో నిమ్మకాయలు, కర్పూరం. పదిన్నరకు రాహుకాలమంట, ఆ లోపల బండి తియ్యాలంట. పేస్టు ఆరలేదన్నా అని మొత్తుకున్నాను. మా ఆయనకు ఫోను చేస్తే తియ్యలేదు. నా స్థలంలో నాకే చెప్తావా అని ఆ పెద్దమనిషి తానే ఆయిలు పోసి, కర్పూరం తిప్పి, స్టార్టు చేసి నిమ్మకాయలు తొక్కించినాడు. బండి షెడ్డు దాటకముందే కింద ధార. పైగా కూడలంతా వినపడేట్టు మా ఆయన్ని చేతగానోడన్నాడు, ఇప్పుడే సామాన్లు ఎత్తమన్నాడు. నాకు ఏడుపు, కోపం ఒక్కసారే వచ్చినాయి.

అప్పుడు బస్సు దిగినాడు మా ఇంటాయన. నలిగిన నిమ్మకాయలు చూసినాడు, కారిన ఆయిలు చూసినాడు.

"ఎత్తతాంలే అన్నా. రాహుకాలంలో ఎత్తకూడదు కదా, పన్నెండు దాటనీ," అన్నాడు.

ఆ లోపల ఈయన చాంబరు ఊడదీసి, తుడిచి, మళ్లీ అదే పేస్టు పూసి బిగించినాడు. ఆరకముందే మళ్లీ ఎవురూ స్టార్టు చెయ్యకుండా ట్రాక్టరు బ్యాటరీ తీసి నా చేతికిచ్చినాడు. పన్నెండు దాటినాక సామాన్లు ఎత్తుకోని పోయి రోడ్డుకు ఆ పక్క టార్పాలిన్ పట్ట కట్టుకున్నాము.

మర్నాడు పొద్దున మా ఇంటాయనే పోయి ఆయిలు పోసి, బ్యాటరీ తగిలించి స్టార్టు చేసినాడు. ఒక్క చుక్క కారలేదు. మళ్లీ షెడ్డులోకి వచ్చేయండని మునిరామయ్య నసిగినాడు. మా ఆయన ఎప్పటి మాదిరే గుడ్డ తీసుకోని అంచులు తుడస్తా కూర్చున్నాడు. నేనే చెప్పినాను.

"మేము రాము. ఇంకమీద నువ్వే రోడ్డు దాటి రా అన్నా. పేస్టు ఆరేదాకా ఆగేదుంటేనే రా."