ఖలాస్ అన్న మాట

పంపులు బాగుచేసే భూమేష్‌కు సౌదీలోని రాబిగ్‌లో శుక్రవారం సెలవు. ఆ మధ్యాహ్నం క్యాంపు మంచమ్మీద కూర్చుని, జగిత్యాలలో ఉన్న తన బండి వెనక బ్రేకును వీడియో కాల్‌లో సరిచేయిస్తున్నాడు. పానా పట్టింది భార్య ప్రేమలత. ఆమె బండికి డబుల్ స్టాండ్ వేసి, బ్రేకు రాడ్డు చివరి నట్టును బిగిస్తుంటే, ఇక్కడ ఇతని వేళ్లు ఖాళీ గాలిని తిప్పుతున్నాయి.

"చక్రం తిప్పు. ఇగ పెడల్ తొక్కు."

చక్రం టక్కున ఆగింది.

"ఖలాస్," అన్నాడు.

ప్రేమలత మొహం వాడిపోయింది. "కరాబ్ చేసిననా? కొత్త బ్రేకు ఎయ్యాల్నా ఇగ?"

భూమేష్‌కు ముందు అర్థం కాలేదు. ఊళ్లో ఆ మాట పనికిరాకుండా పోయినదాన్ని అంటారు. ఏడేళ్లుగా అతను వింటున్నది వేరు.

"కరాబ్ గాలేదే. ఈడ ఖలాస్ అంటే పని అయింది, ఇంటికి పో అని."

ఆమె చేతుల గ్రీజును గుడ్డకు తుడుచుకుంది. ఆ గుడ్డ అతని పాత బనీను.

"మరి గా మాట నీకెప్పుడంటరు?"

"ఇంకోసారి తిప్పు," అన్నాడు భూమేష్. చక్రం తిరుగుతూనే ఉంది. పెడల్ తొక్కమని మాత్రం చెప్పలేదు.