మేడమ్ పేరు ఏ పక్కన

మా కంప్యూటర్ మేడమ్ పోయారని ఆమె కూతురు నంద్యాల నుంచి ఫోన్ చేసింది. మీకు చెబితే నవ్వుతారేమో గానీ, నేను నమ్మలేదు. పెట్టేసి, ఆ నంబరుకు నేనే మళ్లీ చేశాను. అదే గొంతు, అదే మాట. నా అనుమానం ఎక్కడి నుంచి వచ్చిందో ఆ పిల్లకు తెలుసు కాబట్టి తప్పు పట్టలేదు.

సమాధి చేసిన వారానికి మళ్లీ ఫోన్ వచ్చింది. "అన్నా, అమ్మను నాయన పక్కనే పెట్టినాం, ఇద్దరికీ కలిపి ఒకటే రాయి పెడదామనుకుంటాండా. నాయన పేరు కుడి పక్క, అమ్మ పేరు ఎడమ పక్క. నువ్వే చెక్కించి పంపియ్యన్నా." సరేనన్నాను. ఆళ్లగడ్డలో విగ్రహాలు చేసే ఒక పనిశాలలో రాయి చెక్కే మిషన్ ఉంది. దానికి బొమ్మలూ అక్షరాలూ అమర్చిపెట్టే ప్రోగ్రామ్ నాదే. రాతి మీద ఒకసారి చెక్కింది చెరపలేం. తల్లి పేరు తప్పు చోట పడితే ఆ పిల్ల బతికినన్నాళ్లూ దాని ముందు నిలబడాలి. ఫోన్ పెట్టేసరికే నాకు అనుమానం మొదలైంది.

అనుమానం నాకు మేడమ్ పెట్టిన భిక్ష. నంద్యాలలో ఒక మేడ మీద గదిలో ఆమె ప్రోగ్రామింగ్ నేర్పేవారు. తాళం వేసి, లాగి చూసి, మెట్లు దిగి, మళ్లీ ఎక్కి వచ్చి లాగేవారు. టీ గ్లాసును వెలుతురుకు ఎత్తి చూడందే తాగేవారు కాదు. ఆదివారం చర్చిలో పాస్టరు వాక్యం చదువుతుంటే ఆమె వేలు తన బైబిల్లో వెంట నడిచేది, ఆయన ఎక్కడో ఒక ముక్క మింగేస్తాడన్నట్టు. మేం చాటుగా నవ్వుకునేవాళ్లం.

ఆళ్లగడ్డ మిషన్ ప్రోగ్రామ్ మొదట ఆమెకే చూపించాను. తెర మీద బొమ్మ ఎక్కడ ఉండాలో అందులోని లైబ్రరీకి, అంటే ఎవరో ముందే రాసిపెట్టగా నేను వాడుకున్న కోడ్‌కు, అంకెల్లో చెబితేనే అర్థమవుతుంది. పనివాళ్లకు అంకెలతో ఏం పని? వాళ్లు ఎడమ, కుడి, పైన అని కొడితే ఆ పేరును అంకెగా మార్చే ముక్క నేను రాశాను. మేడమ్ కళ్లజోడు సర్దుకున్నారు.

"తెలీని పేరొస్తే ఏం చేస్తాదప్పా?"

"నడుమ పెట్టేస్తాది మేడమ్."

"ఎవరు పెట్టమన్నారు దాన్ని? తెలీనప్పుడు తెలీదని నిలబడాల. నోరు మూసుకుని నడుమ కూర్చోబెట్టేది దొంగ పని."

కీబోర్డు లాక్కుని, ఎడమో కుడో కొట్టాల్సిన చోట వాళ్లింటి పిల్లి పేరు కొట్టారు. బొమ్మ బుద్ధిగా పోయి నడుమ కూర్చుంది. నాకు మొహం చెల్లలేదు.

సరిదిద్దాను. అయినా మేడమ్‌కు నమ్మకం కుదరక, ఒకరోజు నాతో పాటు బస్సెక్కి ఆళ్లగడ్డకు వచ్చారు. పెద్ద మేస్త్రి ఒక విష్ణుమూర్తి పలక గురించి చెబుతున్నాడు. శంఖం ఎడమ, చక్రం కుడి అన్నాడు. అలాగే కొట్టాను. తెర మీద ముచ్చటగా కనిపించింది. మిషన్ ఆన్ చేయబోతుంటే మేడమ్ అడ్డం వచ్చారు.

"ఆగప్పా. ఎడమంటే ఎవరి ఎడమ మేస్త్రీ?"

"సామి ఎడమ తల్లీ. మన ఎడమతో ఏం పని?"

నేను పెట్టింది చూసేవాళ్ల ఎడమ. శిల్పులు కుడి ఎడమలు ఎప్పుడూ విగ్రహం వైపు నుంచే చెబుతారని నా ప్రోగ్రామ్‌కు ఏం తెలుసు? శంఖం పోయి స్వామి కుడిచేతికి ఎక్కేది. అప్పటి నుంచి వట్టి ఎడమ అంటే నా ప్రోగ్రామ్ ఒప్పుకోదు, ఎవరి ఎడమో చెప్పమంటుంది.

తిరుగు బస్సులో ఇప్పుడైనా ఒక మంచి మాట అంటారేమోనని చూశాను. ఆమె కిటికీలోంచి శనగ చేలు చూస్తూ కూర్చున్నారు. ఉండబట్టలేక, బాగుందా మేడమ్ అని అడిగేశాను. "బాగుందంటే నువ్వు మళ్లీ చూడవు. అందుకే చెప్పను" అన్నారు. ఆ రోజు కోపం వచ్చింది. ఇప్పుడు ఆమె ఏదో ఒకటి అంటే చాలని ప్రాణం కొట్టుకుంటోంది.

రాయి మీద ఆమె పేరు అమర్చబోతే ప్రోగ్రామ్ నిలబడిపోయింది, ఎవరి ఎడమ అని. కూతురికి ఫోన్ చేశాను. "చూసేవాళ్ల ఎడమేలే అన్నా, ఇంకెవరిది?" అంది. అంత తొందరగా వచ్చిన జవాబు నాకు నచ్చలేదు. మరుసటి రోజు నంద్యాల పోయి, ఆ పిల్లను వెంటబెట్టుకుని సమాధుల తోటకు వెళ్లాను.

"ఎడమని నీకెవరు చెప్పినారమ్మా?"

"గుంత తవ్వినాయన చెప్పినాడన్నా. మీ నాయనకు ఎడమ పక్కనే తవ్వినా అన్నాడు."

వాళ్ల నాయన తల రాయి పెట్టబోయే వైపు ఉంది. వెల్లకిలా పడుకున్న మనిషికి ఎడమ పక్క, కాళ్ల దగ్గర నిలబడి చదివేవాళ్లకు కుడి పక్క అవుతుంది. ఆమె పేరు ఆయన మీద, ఆయన పేరు ఆమె మీద పడబోయింది. కొత్త మన్ను కళ్లెదుటే ఉన్నా నా లెక్క మీద నాకు నమ్మకం చాలలేదు.

"అమ్మను యాడ పెట్టినారో చూపియ్యమ్మా" అన్నాను.

ఆ పిల్ల ముందుకు వెళ్లి, వంగి, ఇంకా పచ్చిగా ఉన్న మన్ను మీద అరచెయ్యి ఆనించింది. నేను కాళ్ల దగ్గర నిలబడి ఆ చెయ్యి ఏ పక్కన ఉందో చూశాను. చూసుకున్నానమ్మా, ఇక లే అన్నాను. ఆ పిల్ల చెయ్యి తీయలేదు.